పటములో జింకల జాడ

సాయంకాలము మంద ఇల్లు చేరినది. లెక్క చూడగా ఒక గేదె తక్కువైనది. పశువుల కాపరి ఏమి చేయును? ఊరి పొలములన్నింటిని వరుసగా గాలింపడు. ఒక క్షణము నిలిచి ఆలోచించును. “ఈ దినము ఎండ మెండుగా ఉన్నది, గేదెకు నీరు కావలెను. చెరువు మూల మడుగులో నీరు కలదు, కట్ట క్రింద పచ్చిక కలదు. ఇచటి నుండి అచటికి పోవుటకు గట్టు దారి తప్ప వేరు దారి లేదు.” ఇట్లు లెక్క వేసికొని అతడు తిన్నగా రెండు మూడు చోట్లకే పోవును. చాలసార్లు గేదె అక్కడనే దొరకును.

ఆ కాపరి మనస్సులో రెండు విషయములు ఉన్నవి. మొదటిది, గేదె అవసరములు. రెండవది, ఆ ఊరి నేల ఆకృతి. ఈ రెంటిని జోడించి చూచుటయే అతని విద్య. అయితే తానెన్నడును నడువని నేలమీద, అడవి జంతువు విషయమున ఇట్టి ఊహ సాధ్యమగునా? సాధ్యమే. నేల ఆకృతిని తెలుపుటకు పటము ఉన్నది. జంతువు అవసరములను తెలుపుటకు జీవశాస్త్రము ఉన్నది. ఉత్తర అమెరికాలో రాకీ పర్వతముల వేటగాండ్రును, వన్యమృగ పరిశోధకులును జింకలను, ఎల్క్ అను పెద్ద దుప్పులను వెదకుటకు ఈ పద్ధతినే అనుసరింతురు. వారు ఇంటిలో బల్లమీద పటము పరచి సగము పని ముగించి, తరువాతనే కొండ ఎక్కుదురు. ఆ పద్ధతి ఏమో, అది వేటకు మించి ఏ ప్రయోజనమునకు వచ్చినదో ఈ వ్యాసములో చూతము.

ఎల్క్ అనగా ఏ జంతువు?

ఈ పేరు విషయమున కొంత చిక్కు ఉన్నది. యూరపులో ఎల్క్ అను జంతువును అమెరికాలో మూస్ అందురు. అమెరికాలో ఎల్క్ అనబడునది వేరొక జంతువు. దాని శాస్త్రీయ నామము సెర్వస్ కెనడెన్సిస్. దానికే వాపిటి అను మరియొక పేరు కలదు. అది షానీ అను ఆదివాసి తెగవారి భాషలోని మాట, తెల్లని పిరుదులు గలది అని దాని అర్థము. ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోగ్రాములకు పైగా తూగును. మన అడవులలోని కణితి, చుక్కల దుప్పి దీనికి దూరపు చుట్టములు. ఈ ఎల్క్‌తోపాటు అవే కొండలలో మ్యూల్ జింక అను జాతి కూడ నివసించును. కంచరగాడిద చెవులవంటి పెద్ద చెవులు ఉండుటచే దానికి ఆ పేరు వచ్చినది.

19వ శతాబ్దములో అదుపులేని వేట వలనను, మైదానములు సేద్యమునకు పోవుట వలనను ఎల్క్ సంఖ్య లక్షకు లోపుగా పడిపోయినదని అంచనా. తరువాత చట్టములు వచ్చినవి. ఇప్పుడు అచట వేటకు అనుమతిపత్రము ఉండవలెను. ఋతువును, సంఖ్యను ప్రభుత్వము నిర్ణయించును. నేడు ఆ ఖండమున సుమారు 10 లక్షల ఎల్క్‌లు ఉన్నవి. మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జింకల వేటను నిషేధించినది. కావున ఈ విద్య మనకు జంతువులను చూచుటకు, లెక్కించుటకు, కాపాడుటకు మాత్రమే పనికివచ్చును. ఆ పనులకు అది ఎంతగా పనికివచ్చునో వ్యాసము చివర తెలియును.

జంతువు దినచర్య

పటము విప్పుటకు ముందు జంతువు దినచర్య తెలిసికొనవలెను. జింకయు, ఎల్క్‌యు ఆవువలె నెమరువేయు జంతువులు. అవి బయలులో త్వరత్వరగా మేసి, పిమ్మట సురక్షితమైన చోటు చేరి పరుండి, తీరికగా నెమరువేయును. కనుక వాటి దినమునకు రెండు స్థానములు అవసరము. ఒకటి మేత స్థానము, రెండవది విశ్రాంతి స్థానము. ఎల్క్‌లు సాధారణముగా ప్రొద్దు గ్రుంకు వేళను, తెల్లవారు వేళను పచ్చిక బయళ్లలో మేయును. పగలు దట్టమైన చెట్ల మరుగున పరుండును. ఈ రెండు స్థానముల నడుమ ఒక దారి ఉండును. ఆ దారి సాధ్యమైనంత తక్కువ శ్రమతో, సాధ్యమైనంత మరుగుగా పోవునదై ఉండును.

కావున పటముమీద మనము వెదకవలసినది జింకను కాదు; మేత, నీరు, మరుగు, వానిని కలుపు సులువైన దారి, ఈ నాలుగింటిని.

కొండను చదువుట ఎట్లు?

పటము కాగితము చదునుగా ఉండును. దానిపై కొండ ఎత్తును చూపునవి సమోన్నత రేఖలు. వీనినే కాంటూరు రేఖలు అందురు. చెరువు నడుమ ఒక చిన్న గుట్ట ఉన్నదనుకొనుడు. చెరువు నిండి గుట్ట మునిగిపోయినది. నీరు ఒక్కొక్క అడుగు తగ్గినప్పుడెల్ల, నీటి అంచు గుట్టను తాకినచోట సున్నముతో ఒక గీత గీచినామనుకొనుడు. నీరంతయు తీసిన తరువాత గుట్ట చుట్టును ఒకదానిపై నొకటిగా గీతలు కనబడును. ఆకాశము నుండి చూచినచో ఆ గీతలే సమోన్నత రేఖలు. ఒక రేఖమీది చోట్లన్నియు ఒకే ఎత్తున ఉండును. రేఖలు దగ్గర దగ్గరగా ఉన్నచో వాలు నిటారు, దూరదూరముగా ఉన్నచో వాలు మెల్లన.

అమెరికాలో 1879లో ఏర్పడిన భూగర్భ సర్వే సంస్థ పటములలో ప్రసిద్ధమైనవి 1:24,000 స్కేలు పటములు. వానిలో 1 అంగుళము నేలమీద 2,000 అడుగులకు సమానము. కొండ ప్రాంతములలో రేఖకు రేఖకు మధ్య ఎత్తు సాధారణముగా 40 అడుగులు. లెక్కించుటకు వీలుగా ప్రతి అయిదవ రేఖను లావుగా గీయుదురు. ఇప్పుడొక లెక్క చేయుదము. అర అంగుళము దూరములో 10 అంతరములు ఉన్నవనుకొనుడు. అనగా 1,000 అడుగుల దూరములో 400 అడుగుల ఎత్తు. ఇది నూటికి 40 వంతుల వాలు, సుమారు 22 డిగ్రీల కోణము. అదే దూరములో 3 అంతరములే ఉన్నచో 120 అడుగుల ఎత్తు. నూటికి 12 వంతుల వాలు. మొదటిదానిని ఎక్కువానికి ఆయాసము కలుగును. రెండవదానిపై బరువైన జంతువు కూడ సుఖముగా నడచును.

జంతువు మెచ్చు ఆకృతులు

సమోన్నత రేఖలలో కొన్ని ఆకృతులు మరల మరల కనబడును. వానిని గుర్తించుట అక్షరములను నేర్చుట వంటిది.

మొదటిది లోయ. వాగు పల్లములో రేఖలు కోసుగా వంగును, ఆ కోసు ఎత్తు వైపునకు చూపును. చెరువు ఉపమానమును తలచుకొన్నచో కారణము స్పష్టము: పల్లములోనికి నీరు చొచ్చుకొని పోవును గదా. లోయ తలభాగమున ఊటలు, తడి నేల, పచ్చిక ఉండుట కద్దు. సెప్టెంబరులో, జతకట్టు కాలమున, మగ ఎల్క్‌లు ఇట్టి బురద నేలలలో పొర్లాడును.

రెండవది కొండముక్కు. శిఖరము నుండి క్రిందికి చాచుకొని వచ్చు మిట్ట ఇది. ఇచట రేఖల కోసు పల్లము వైపునకు చూపును. కొండముక్కు వీపుమీద వాలు మెల్లనగా ఉండుటచే జంతువులు పైకి క్రిందికి పోవుటకు దానిని మెట్లదారివలె వాడుకొనును.

మూడవది కనుమ. రెండు శిఖరముల నడుమ జీనువలె వంగిన చోటు. పటములో రెండు శిఖరముల వలయములు ఒకదాని కొకటి ఎదురుగా ఉండి, నడుమ ఖాళీ కనబడును. కొండవెన్ను 9,000 అడుగుల ఎత్తున, కనుమ 8,600 అడుగుల ఎత్తున ఉన్నవనుకొనుడు. కనుమ గుండా దాటు జంతువునకు 400 అడుగుల ఎక్కుడు మిగులును. 300 కిలోగ్రాముల శరీరమును అంత ఎత్తునకు మోయుట ఎంత పనియో భౌతికశాస్త్ర విద్యార్థులు లెక్కింపవచ్చును. ఆ శక్తి అంతయు మేత నుండియే రావలెను. కావున ఈ లోయ నుండి ఆ లోయకు పోవు జాడలు కనుమ వద్ద కలిసికొనును.

నాలుగవది అరుగు. నిటారుగా ఉన్న కొండవాలులో ఒకచోట నేల కొంత చదునై, ఇంటి ముందరి అరుగువలె ఉండును. పటములో ఒత్తుగా ఉన్న రేఖల నడుమ ఒక వెడల్పైన ఖాళీ, మరల ఒత్తు రేఖలు. నిటారు వాలుమీద పరుండుట కష్టము. అరుగుమీద చెట్ల నీడ కూడ ఉన్నచో అది పగటి విశ్రాంతికి తగిన తావు.

ఎండ వాలు, నీడ వాలు

ఉత్తరార్ధగోళములో కర్కటరేఖకు పైనున్న దేశములకు సూర్యుడు మధ్యాహ్నము ఎల్లప్పుడును దక్షిణముననే ఉండును. కనుక రాకీ పర్వతములలో దక్షిణ వాలునకు ఎండ ఎక్కువ, ఉత్తర వాలునకు తక్కువ. దక్షిణ వాలుమీద నేల త్వరగా ఆరును. చెట్లు పలుచనై గడ్డి పెరుగును. ఉత్తర వాలుమీద తేమ నిలిచి చెట్లు దట్టముగా పెరుగును. వేసవి పగళ్లలోను, శరత్కాలారంభమునను దట్టమైన రోమములు గల ఎల్క్ ఉత్తర వాలు నీడను కోరును. శీతకాలమున ఇది తారుమారగును. మంచు ముందుగా కరగి గడ్డి బయటపడు దక్షిణ వాలులకు అది చేరును.

ఎత్తు విషయము కూడ ఇట్టిదే. వేసవిలో మంద ఎత్తైన పచ్చిక బయళ్లకు పోవును. మంచు లోతుగా పడగానే లోయలకు దిగును. వయోమింగ్ రాష్ట్రములో జాక్సన్ అను ఊరివద్ద నున్న లోయ అట్టి శీతకాలపు మేతభూమి. ఊరును, పశువుల క్షేత్రములును ఆ లోయను ఆక్రమింపగా 20వ శతాబ్దారంభమున వేలకొలది ఎల్క్‌లు చలికాలమున ఆకలితో చచ్చినవి. అందుచే 1912లో అచట జాతీయ ఎల్క్ ఆశ్రయమును స్థాపించిరి. జంతువు దారిలో ఒక్క మజిలీ పోయినను దారి అంతయు వ్యర్థమగునని ఆ ఉదంతము తెలుపుచున్నది.

గాలి చెప్పు రహస్యము

జింకకు కన్నుకంటె, చెవికంటె ముక్కు ప్రధానము. కొండలలో గాలికి ఒక దినచర్య కలదు. ఎండ ఎక్కిన పిమ్మట వాలుమీది గాలి వేడెక్కి తేలికయై పైకి పాకును. ఇది లోయ పవనము. ప్రొద్దు గ్రుంకిన తరువాత వాలు చల్లబడగా గాలి బరువెక్కి క్రిందికి జారును. ఇది పర్వత పవనము. పాఠ్యపుస్తకములో మనము చదువు ఈ రెండు పవనములను జింక అనుభవముచే ఎరుగును. పగలు వాలు పైభాగమున, కొండవెన్నుకు కొంచెము దిగువగా, గాలిమరుగు వైపున పరుండిన జింకకు క్రిందినుండి వచ్చు శత్రువు వాసన లోయ పవనము తెచ్చి ఇచ్చును. వెనుకనుండి వచ్చువాని వాసన కొండవెన్ను దాటి వచ్చు గాలి తెచ్చి ఇచ్చును. ముందరి లోయ కంటికి కనబడును.

కావున చూడబోవువాడు పగటివేళ పైనుండియు, చల్లబడిన సాయంకాలము క్రిందినుండియు సమీపింపవలెను. పటముమీద గాలి గీచి ఉండదు. అయినను వాలు దిక్కును, వేళను తెలిసినవాడు గాలిని ఊహింపగలడు.

పటము చెప్పనివి

పటము ఎంత మంచిదైనను అది ఊహకు ఆధారమే గాని నిదర్శనము కాదు. 40 అడుగుల అంతరము గల పటములో 20 అడుగుల గట్టు ఒక్క రేఖయైనను లేక మాయము కావచ్చును. పటమునకు వయస్సు కూడ ఉండును. 1988లో యెల్లోస్టోన్ జాతీయోద్యానములో అగ్ని చెలరేగి సుమారు నూటికి 36 వంతుల భూమిని తాకినది. అంతకు ముందు అచ్చయిన పటములో ఆకుపచ్చగా ఉన్న చోట్ల చాలభాగము బూడిదయై, పిమ్మట గడ్డి నేలలైనవి.

మనుష్యుని ప్రభావము మరియొకటి. ఆరెగాన్ రాష్ట్రములో స్టార్కీ ప్రయోగారణ్యమున ఎత్తైన కంచె నడుమ 1989 నుండి ఎల్క్‌లకు, జింకలకు రేడియో పట్టీలు కట్టి పరిశీలించిరి. మోటారు బండ్లు తిరుగు దారులకు ఎల్క్‌లు దూరముగా తొలగిపోవునని ఆ పరిశీలనలో తేలినది. కావున అనుభవజ్ఞులు పటముమీది బాటలకు ఇరుప్రక్కల కొంత మేర గీతలతో కొట్టివేసి, మిగిలిన భాగములోనే మంచి చోట్లను వెదకుదురు.

ఇట్లు గుర్తించిన చోట్లకు తుదకు కాళ్లతో పోయి చూడవలెను. డెక్కల గుర్తులు, పెంటికలు, పరుండినచోట అణగిన గడ్డి, కొమ్ములు రుద్దగా బెరడు ఊడిన చెట్లు కనబడినచో ఊహ నిజము. కనబడనిచో ఊహను దిద్దుకొనవలెను. శాస్త్రపద్ధతి అనగా ఇదియే గదా.

గరాటు మెడ

జంతువుల దారి ఒక్కొక్కచోట ఇరుకగును. ఒక ప్రక్క సరస్సు, ఒక ప్రక్క ఊరు. లేక ఇరుప్రక్కల నదులు. విశాలమైన నేలపై చెదరి వచ్చు మందలన్నియు అక్కడ గరాటు మెడలో నీరువలె కూడును. వేటగాడు పటములో ముందుగా వెదకునది అట్టి చోటునే. జంతువులను కాపాడువాడు ముందుగా వెదకవలసినదియు అదియే.

వయోమింగ్‌లో పైన్‌డేల్ అను ఊరికి సమీపమున ట్రాపర్స్ పాయింట్ అను చోటు కలదు. రెండు నదుల నడుమ నేల అక్కడ ఇరుకగును. ప్రాంగ్‌హార్న్ అను జింకవంటి జంతువులు వలసపోవు దారి అదియే. సుమారు 6,000 సంవత్సరముల క్రిందట ఆదిమ వేటగాండ్రు వానిని అచట కాచుకొని చంపిన గుర్తులు, ఎముకలు త్రవ్వకములలో బయటపడినవి. వారికి పటము లేదు, కాని నేలను చదువుట తెలియును. ఆధునిక కాలమున అదే ఇరుకుమీదుగా రహదారి పోయినది. జంతువులు బండ్ల క్రింద పడి చచ్చుచుండెను. 2012లో ఆ ప్రాంతమున రహదారిపై మట్టి కప్పిన 2 వంతెనలను, రహదారి క్రింద 6 సొరంగ మార్గములను నిర్మించి, కంచెలతో జంతువులను వానివైపు మళ్లించిరి. 6,000 ఏండ్లనాడు చంపుటకు అనువైన చోటే నేడు కాపాడుటకు అనువైన చోటైనది. కారణము రెండు కాలములలోను ఒక్కటే: నేల ఆకృతి.

ఆ ఊరి దగ్గరనే మరియొక ఉదాహరణము కలదు. రెడ్ డెసర్ట్ అను మెరక ఎడారిలోని మ్యూల్ జింకలు ఏడాది పొడవునను అక్కడనే ఉండునని తలచుచుండిరి. హాల్ సాయర్ అను జీవశాస్త్రజ్ఞుడు వాని మెడలకు ఉపగ్రహ సంకేతముల పట్టీలు కట్టి చూడగా, అవి వసంతమున హోబాక్ లోయ వైపునకు 150 మైళ్లు, అనగా సుమారు 240 కిలోమీటర్లు నడచుచున్నవని తేలినది. ఈ విషయము 2014లో వెలువడినది. ఆ దారిలో ఫ్రీమాంట్ సరస్సు చివరకును పైన్‌డేల్ ఊరికిని నడుమ సుమారు 400 మీటర్ల వెడల్పు గల ఒక ఇరుకు ఉన్నది. వేలకొలది జింకలు దాని గుండానే పోవలెను. అది ఒకరి సొంత భూమి. అక్కడ ఇండ్లు లేచినచో 240 కిలోమీటర్ల దారి తెగిపోయి ఉండెడిది. సంరక్షకులు ఆ 364 ఎకరములను కొని వన్యమృగములకు వదలిరి. దారి నిలిచినది.

ఇట్టి ప్రయత్నము మన దేశములోను జరిగినది. హైదరాబాదు మీదుగా పోవు 44వ జాతీయ రహదారి మహారాష్ట్రలో పెంచ్ అడవిని దాటుచోట జంతువులకై రహదారి క్రింద 9 మార్గములను నిర్మించిరి. చుక్కల దుప్పులు మొదలుకొని పులులవరకు వానిని వాడుకొనుచున్నవని అచట అమర్చిన కెమెరాలు చూపినవి.

ఉపాధ్యాయులకు ఒక సూచన

మన భారత సర్వే సంస్థ 1767లో ఏర్పడినది. దాని 1:50,000 స్కేలు పటములలో 1 సెంటీమీటరు నేలమీద 500 మీటర్లు. రేఖల అంతరము సాధారణముగా 20 మీటర్లు. ఒక సెంటీమీటరులో 5 అంతరములు ఉన్నచో 500 మీటర్లకు 100 మీటర్ల ఎత్తు, అనగా సుమారు 11 డిగ్రీల వాలు. నీరున్న వాగులను నీలముతోను, ఎండిన వాగులను నల్లగాను, అడవిని ఆకుపచ్చగాను, సేద్యపు భూమిని పసుపుగాను చూపుదురు.

పాఠశాలకు దగ్గరి కొండ గల పటమును తరగతిలో పరచి ఈ ప్రశ్నలు వేయవచ్చును. వేసవిలో నీరు ఎక్కడ మిగులును? ఈ కొండను తక్కువ శ్రమతో దాటుటకు కనుమ ఎక్కడ? సాయంకాలము గాలి ఏ వైపునకు జారును? జంతువుల దారి ఇరుకగు చోటు ఏది, ఆ చోట ఇప్పుడు ఏమున్నది? విద్యార్థులు పటముమీద పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఒక సెలవు దినమున ఉపాధ్యాయునితో కలిసి కొండ అంచువరకు పోయి సరిచూచుకొనవచ్చును. జింక దొరకకపోవచ్చును. మేకల మంద ఏ గుర్తు గుండా నడచినను పాఠము పండినట్లే. ఆ మేకల కాపరిని అడిగినచో, పటము వదలివేసిన సంగతులు మరికొన్ని అతడు చెప్పును.